సున్నితమైన చర్మానికి ఇంట్లో బట్టల సబ్బు: ఏం కలపాలి, ఎలా జాడించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాలుగేళ్ల పాపకు మెడ చుట్టూ, నడుము దగ్గర, మోకాలి వెనక మడతల్లో దద్దుర్లు వస్తున్నాయి, ఉతికిన బట్టలు వేసిన రోజు దురద ఎక్కువవుతోంది, అందుకని బట్టల సబ్బు ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నారు. మీకు దొరికిన పద్ధతిలో స్నానం సబ్బు తురుము, వాషింగ్ సోడా, బోరాక్స్ (వెలిగారం), వాసన కోసం కొన్ని చుక్కల లావెండర్ నూనె ఉన్నాయి. ఇది పాపకు పడుతుందా, కాస్టిక్ సోడా ముట్టుకోకుండా పని అవుతుందా, మెషీన్‌లో ఎంత వేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

చేసుకోండి, కానీ ఆ పద్ధతిలో వద్దు. ఆ నాలుగింటిలో పాప బట్టలకు పనికొచ్చేది వాషింగ్ సోడా ఒక్కటే. నేను చాలా ఏళ్లుగా సబ్బు చేస్తున్నాను, ఎగ్జిమా ఉన్నవాళ్ల కోసమే ఎక్కువగా చేస్తాను. ఇంట్లో చేసిన సబ్బు అనగానే చర్మానికి మంచిది అనుకుంటారు గానీ చర్మానికి సబ్బు పుట్టిల్లు ఎక్కడన్నది పట్టదు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తొడిగే వేళకు బట్ట పోగుల్లో ఏం మిగిలి ఉందన్నదే దానికి ముఖ్యం. కింద రాసేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే.

సబ్బు చేయకముందే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రెండు వారాల పాటు ఇప్పుడు వాడుతున్న డిటర్జెంటే వాడండి, కానీ సగం కొలత వేయండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పూర్తిగా ఆపేయండి, ప్రతి ఉతుకుకీ ఒకటి రెండుసార్లు అదనంగా జాడించండి. పాపకు ఇంకేమీ మార్చకండి, ఒంటికి రాసే క్రీమ్ కూడా అదే ఉంచండి. దురద తగ్గిందంటే సమస్య బట్టలో మిగులుతున్న డిటర్జెంటుతోనో, సాఫ్ట్‌నర్‌తోనో ఉన్నట్టు. ఏమాత్రం తగ్గలేదంటే సబ్బు మార్చినా పెద్దగా తేడా రాకపోవచ్చు, కారణం వేరే చోట వెతకాలి, లేదా ఆ డిటర్జెంటులో ఉన్న ఏదో ఒక పదార్థం కొంచెం ఉన్నా చాలు పాపకు పడట్లేదని అనుకోవాలి. ఈ రెండు వారాలు ఓపిక పట్టమని అడిగితే చాలామందికి నచ్చదు, కానీ దీనివల్ల తెలిసేది ఎంతో ఉంది.

దద్దుర్లు ఎక్కడ వస్తున్నాయో కూడా బాగా చూడండి. మోకాలి వెనక, మోచేతి లోపలి మడతల్లో వచ్చేది సాధారణంగా ఎటోపిక్ ఎగ్జిమా. అది సబ్బు వల్ల పుట్టదు, చర్మం స్వభావంలోనే ఉంటుంది. మన సబ్బు దాన్ని రెచ్చగొట్టకుండా ఉండగలదు, అంతవరకే. నడుము చుట్టూ, చంకల అంచున, మెడ పట్టీ కింద వచ్చేది మాత్రం బట్ట గట్టిగా ఆనుకునే చోట వచ్చేది. అక్కడ అనుమానించాల్సినవి బట్టలో మిగిలిన సబ్బు, సువాసన, ముదురు రంగు సింథటిక్ బట్టల రంగు, ఎలాస్టిక్, మెడ దగ్గర గీరుకునే లేబుల్. బొడ్డు కింద ఒక్కచోటే గుండ్రంగా వస్తుంటే ప్యాంటు గుండీలోని నికెల్ అని అనుమానించాలి. ముడత పడని బట్టలకు ఫార్మాల్డిహైడ్ కలిసిన రెసిన్ పూత పూస్తుంటారు, కాబట్టి కొత్త బట్ట ఏదైనా ఒకటి రెండుసార్లు ఉతక్కుండా పాపకు వేయకండి. మీ చేతులకు మాత్రమే దురద వస్తుంటే అది ఉతికేటప్పుడు నేరుగా తగిలే నీళ్ల వల్ల. దానికి గ్లవ్స్ వేసుకోవడమే మందు, లోపల పల్చటి నూలు గ్లవ్స్ కూడా వేసుకుంటే చెమటతో చిరాకు ఉండదు.

ఇక ఆ పద్ధతి ఎందుకు వద్దన్నానో చెప్తాను.

స్నానం సబ్బులో చర్మం పొడిబారకుండా కొంత నూనె కావాలనే మిగులుస్తారు, లేదా కొవ్వు ఆమ్లాలు విడిగా కలుపుతారు. ఒంటికి అది మంచిదే, బట్టకు కాదు. ఆ నూనె పోగుల్లో చేరి తువ్వాళ్లు నీళ్లు పీల్చకుండా చేస్తుంది, పాతబడ్డాక ఒక రకమైన ముక్కవాసన వేస్తుంది. పైగా అందులో సువాసన, రంగు, తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్ లాంటివి ఉంటాయి. మీరు వదిలించుకోవాలనుకుంటున్నవే మళ్లీ తురిమి వేసినట్టవుతుంది.

లావెండర్ నూనె గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే సహజమైనది కదా ఏం చేస్తుందిలే అని అందరూ దీని దగ్గరే పొరబడతారు. చర్మానికి అలర్జీ తెప్పించే వాటిలో సువాసన పదార్థాలది పైవరస. లావెండర్‌లో ఉండే లినలూల్, నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో ఉండే లిమోనిన్ గాలి తగిలేకొద్దీ ఆక్సీకరణం చెంది హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, అలర్జీ కలిగించేది ఎక్కువగా ఆ మారిన రూపమే. అంటే సీసా పాతబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. టీ ట్రీ నూనె కూడా ఇదే బాపతు. పాపకు ఒకసారి ఆ అలర్జీ ఏర్పడితే అది జీవితాంతం ఉండిపోవచ్చు, తర్వాత ఏ క్రీమ్‌లో, ఏ షాంపూలో ఆ పదార్థం ఉన్నా చర్మం ఎర్రబడుతుంది. కాబట్టి వాసన వద్దు, చుక్క కూడా వద్దు. ఎండలో ఆరిన బట్టకు ఏ వాసనా లేకపోవడమే సరైన వాసన.

బోరాక్స్ సంగతి. యూరోపియన్ యూనియన్ దీన్ని సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థంగా వర్గీకరించింది, 2010లో ప్రత్యేక జాగ్రత్త అవసరమైన పదార్థాల జాబితాలోనూ చేర్చింది. జాడించిన బట్టలో మిగిలే కాస్త దానితో ఏదో అయిపోతుందని నేను భయపెట్టను, కానీ డబ్బా ఇంట్లో ఉంటుంది, పొడి గాల్లో లేస్తుంది, పాపకు నాలుగేళ్లు. బోరాక్స్ చేసే పనిలో మనకు కావాల్సినంత వాషింగ్ సోడా ఒక్కటే చేయగలిగినప్పుడు అది ఎందుకు?

సబ్బు చేసే ముందు చూసుకోవాల్సిన ముఖ్యమైన విషయం మీ నీళ్లు. నిజానికి ఇంట్లో చేసిన సబ్బు మీకు పనికొస్తుందా లేదా తేల్చేది అవే. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి నీళ్లలో కరగని తెల్లటి మడ్డి అవుతుంది. బకెట్ అంచున అంటుకునే జిగురు పట్టీ అదే. అదే మడ్డి బట్ట పోగుల్లోనూ చేరుతుంది, బట్టలు బిరుసుగా, బూడిద రంగుగా మారేది అందుకే, ఎగ్జిమా ఉన్న చర్మాన్ని రోజంతా గీరేదీ అదే. డిటర్జెంటుకు ఈ సమస్య చాలా తక్కువ, సబ్బుకు మాత్రం తప్పదు.

లెక్క చెప్తే అర్థమవుతుంది. నీళ్ల కాఠిన్యాన్ని లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని కొలుస్తారు. 60 లోపు ఉంటే మెత్తని నీళ్లు, 120 దాటితే కఠినజలం, 180 దాటితే మరీ కఠినం. లీటరుకు 200 ఉన్న నీళ్లు 10 లీటర్ల బకెట్‌లో పట్టారనుకోండి, మురికి దాకా వెళ్లకముందే సుమారు 9 గ్రాముల సబ్బు ఉత్త మడ్డిగా మారిపోతుంది. అదే కాఠిన్యాన్ని ముందుగా 2 గ్రాముల పైచిలుకు వాషింగ్ సోడా అడ్డుకోగలదు. అందుకే సోడా ముందు, సబ్బు తర్వాత. ఈ వరస మారిస్తే సోడా వేసిన ప్రయోజనం సగం పోతుంది.

కొలిచే కిట్ లేకపోతే ఒక సీసా చాలు. సీసాలో మూడో వంతు మీ కుళాయి నీళ్లు పోసి, వాసన లేని మామూలు సబ్బు తురుము చిటికెడు వేసి, మూత పెట్టి గట్టిగా ఊపండి. పైన నురగ నిలిచి కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మీ నీళ్లు సబ్బుకు సరిపోతాయి. నురగ కూలిపోయి నీళ్లు పాలలాగా తెల్లబడి తునకలు తేలితే కఠినజలం. ఇదే పరీక్ష డిస్టిల్డ్ వాటర్‌తో పక్కన పెట్టి చేస్తే తేడా కళ్లకు కడుతుంది.

మీ నీళ్లు మరీ కఠినమైతే నా సలహా సూటిగా చెప్తాను, సబ్బు చేసే ఆలోచన మానుకోండి. సువాసన, రంగు లేని డిటర్జెంటు పొడి తెచ్చుకుని తక్కువ కొలతలో వాడండి. సబ్బు మీద ఇష్టమున్న మనిషిని నేనే ఈ మాట అంటున్నాను. ఆ నీళ్లలో సబ్బుతో ఉతికి పాప చర్మం మీద మడ్డి వేయడం కంటే అదే మేలు. ద్రవరూపం కాకుండా పొడి అని ఎందుకన్నానంటే, నీళ్లున్న ఉత్పత్తి చెడిపోకుండా ప్రిజర్వేటివ్ వేయాలి, వాటిలో మిథైల్‌ఐసోథియాజొలినోన్ లాంటివి పేరుమోసిన అలర్జీ కారకాలు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. పొడికి ప్రిజర్వేటివ్ అవసరం లేదు. ఇంట్లో చేసే సబ్బును నీళ్లలో కలిపి జెల్‌లాగా నిలవ చేయొద్దని చెప్పేది కూడా ఇందుకే. పొడిగా ఉంచుకుని, ఉతికే ముందు కావాల్సినంతే కరిగించుకోండి.

నీళ్లు మెత్తనివీ, మధ్యస్థమైనవీ అయితే ముందుకు వెళ్దాం.

కాస్టిక్ సోడా లేకుండా సబ్బు తయారవదు. నూనె, కాస్టిక్ సోడా కలిసి రెండూ మారిపోతేనే సబ్బు, గ్లిజరిన్ పుడతాయి. కొలత సరిగ్గా ఉంటే పూర్తయిన సబ్బులో కాస్టిక్ మిగలదు. ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఆ పని ఇంకొకరు చేసిపెట్టిన సబ్బు కొనాలి. పదార్థాల జాబితాలో సోడియం కొకోయేట్, సోడియం పామేట్ (అంటే కొబ్బరినూనె, పామాయిల్‌తో చేసిన సబ్బు) లాంటివీ, నీళ్లూ, గ్లిజరినూ, ఉప్పూ తప్ప ఇంకేమీ లేని తెల్ల బిళ్ల దొరికితే అది తురుముకుంటే చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో చాలామందికి నేను ఈ దారే ముందు చెప్తాను. కరిగించి పోసుకునే రెడీమేడ్ సోప్ బేస్ మాత్రం వద్దు, అది ఒంటి సబ్బు కోసం చేసింది, అందులో వేరే నురగ పదార్థాలూ ఉంటాయి.

మీరే చేసుకుంటానంటే, బట్టలకు నేను వాడేది ఒక్క కొబ్బరినూనే. అందులో సగానికి దగ్గరగా లారిక్ ఆమ్లం ఉంటుంది, దానివల్ల వచ్చే సబ్బు గట్టిగా, బాగా కరిగేదిగా, మురికిని బలంగా లాగేదిగా ఉంటుంది, కాస్త కఠినమైన నీళ్లలో కూడా నురగ ఇస్తుంది. దీంతో స్నానం చేస్తే చర్మం పొడిబారుతుంది, కాబట్టి ఇది బట్టలకే. ఖరీదైన నూనెలు, పాలు, తేనె, కలబంద గుజ్జు ఇవేవీ బట్టల సబ్బులో వేయొద్దు. జాడించేటప్పుడు పోయేవే అయితే వాటివల్ల లాభం లేదు, పోనివే అయితే అసలుకే మోసం.

కొలతలు: కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ సోడా 90 గ్రాములు, నీళ్లు 200 గ్రాములు. అన్నీ బరువుతోనే, నీళ్లు కూడా త్రాసు మీదే. స్పూన్లతో, కప్పులతో కాస్టిక్ సోడా కొలవకూడదు, ఒక గ్రాము తేడా చూపించే త్రాసు తప్పనిసరి. గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, అంటే 500 గ్రాములకు 91.5. మనం 90 వేస్తున్నాం కాబట్టి ఒకటిన్నర శాతం నూనె మిగులుతుంది. అది కాస్టిక్ మిగలకుండా భద్రత కోసం వదిలిన సందు. నూనె మారిస్తే ఈ అంకె మారుతుంది, ఇదే కొలతతో వేరే నూనె వాడకండి. కాస్టిక్ సోడా కూడా శుద్ధమైనది కావాలి, డ్రైనేజీ గొట్టాలు శుభ్రం చేసేందుకు అమ్మే డబ్బాల్లో ఇతర పదార్థాలు, కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కూడా కలుపుతారు, అది సబ్బుకు పనికిరాదు.

ఇక్కడ తొందర పనికిరాదు, నెమ్మదిగా చదవండి. పాప ఇంట్లో లేని సమయం చూసుకోండి. కళ్లకు పక్కలు కూడా మూసుకునే గాగుల్స్, చేతులకు రబ్బరు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు. కిటికీలు తెరిచి ఉంచండి. నీళ్లలో కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి, కాస్టిక్ సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి మీదకి చిమ్ముతుంది. కలుపుతుంటే 80 డిగ్రీల పైకి వేడెక్కుతుంది, ఘాటు ఆవిరి వస్తుంది, మొహం మీదకు పెట్టకండి. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వేడిని తట్టుకునే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గానీ అయి ఉండాలి. అల్యూమినియం పాత్ర, అల్యూమినియం గరిటె అస్సలు వద్దు, కాస్టిక్‌తో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాజు పాత్ర కొన్నాళ్లు బాగానే ఉండి ఒకరోజు పగులుతుంది. ఒంటి మీద పడితే వెనిగర్ పోయకండి, కుళాయి కింద ధారగా పావుగంట ఇరవై నిమిషాలు కడగండి. కంట్లో పడితే అలాగే కడుగుతూనే వెంటనే ఆసుపత్రికి వెళ్లే ఏర్పాటు చేయండి.

కొబ్బరినూనె కరిగించి గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గర ఉంచండి. కాస్టిక్ నీళ్లు కూడా దాదాపు అదే వేడికి దిగాక నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్‌తో ఆపి ఆపి తిప్పండి. కొన్ని నిమిషాల్లో చిక్కబడి, పైనుంచి జారిస్తే గీత నిలిచేంత అవుతుంది, దాన్ని ట్రేస్ అంటారు. వెంటనే సిలికాన్ అచ్చుల్లో పోసేయండి. కొబ్బరి సబ్బు లోపల్లోపల బాగా వేడెక్కుతుంది, కప్పి పెట్టక్కర్లేదు. పెద్ద అచ్చులో పోస్తే మూడు నాలుగు గంటలప్పటి నుంచి చూసుకుంటూ ఉండి, గట్టిపడి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే గ్లవ్స్‌తో కోయాలి, మర్నాటి దాకా ఆగితే కత్తి పెట్టగానే పెళుసుగా విరుగుతుంది. చిన్న అచ్చులైతే ఈ టెన్షన్ లేదు.

మూడు నాలుగు రోజులయ్యాక గ్లవ్స్‌తోనే తురమండి, అప్పుడు సబ్బు మెత్తగా తురుముతుంది, పూర్తిగా ఎండాక తురిమితే పొడి గాల్లో లేచి ముక్కు మండిపోతుంది. తురుమును పళ్లెంలో పల్చగా పరిచి, గాలి తగిలే చోట పాపకు అందకుండా మూడు వారాలు ఆరనివ్వండి. బిళ్లలుగా ఉంచుకుంటే నాలుగు వారాలు. కాస్టిక్ మిగిలిందేమో చూడటానికి సబ్బు చేసేవాళ్ల పాత పద్ధతి ఒకటుంది, తడి వేలితో సబ్బును రుద్ది ఆ వేలు నాలుక కొసకు తాకించడం. సబ్బు రుచి మాత్రమే తగిలితే సరే, చురుక్కున షాక్ కొట్టినట్టుంటే కాస్టిక్ మిగిలి ఉంది, నోరు పుక్కిలించి ఆ సబ్బు వాడటం ఆపేయాలి. ఆమ్లమా క్షారమా కొలిచే పీహెచ్ కాగితం (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) చూపించే అంకె మీద నాకు అంత నమ్మకం లేదు, మంచి సబ్బు కూడా 9, 10 మధ్య చూపిస్తుంది, కొద్దిపాటి కాస్టిక్ తేడాను ఆ కాగితం పట్టుకోలేదు.

ఈ 9, 10 అన్న అంకెను ఇంకోలా కూడా చూడాలి. మన చర్మం పైపొర 5 దగ్గర, అంటే కాస్త ఆమ్లంగా ఉంటుంది. ఎంత శుద్ధంగా చేసినా సబ్బు క్షారమే, వాషింగ్ సోడా ఇంకా ఎక్కువ క్షారం. క్షారం లేకుండా ఇంట్లో సబ్బు లేదు, కాబట్టి అది బట్టలోంచి పూర్తిగా పోవడమే మనకు దారి.

పొడి కలపడం తేలిక. బాగా ఆరిన సబ్బు తురుము రెండు పాళ్లు, వాషింగ్ సోడా ఒక పాలు, బరువుతో. వాషింగ్ సోడా తెల్లటి పొడి రకం తీసుకోండి, పెద్ద స్ఫటికాల రకంలో మూడింట రెండొంతులకు దగ్గరగా నీళ్లే ఉంటాయి, కొలత తప్పుతుంది, సబ్బు కూడా ముద్దకడుతుంది. వంటసోడా దీనికి బదులు కాదు, దాని క్షారం చాలా తక్కువ. కావాలంటే వంటసోడాను ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే నీరూ, కార్బన్ డయాక్సైడూ పోయి వాషింగ్ సోడాగా మారుతుంది, బరువు మూడో వంతుకు పైగా తగ్గితే మారినట్టు లెక్క. మిక్సీలో తిప్పితే మాస్క్ వేసుకోండి, పొడి కిందకు దిగేదాకా మూత తీయకండి. డబ్బా మీద పేరు రాసి పాపకు అందని ఎత్తులో పెట్టండి.

ఉతికే పద్ధతి. పొడిని మెషీన్‌లో అలాగే వేయకండి, సబ్బు చన్నీళ్లలో సరిగా కరగదు, కరగని పలుకులు బట్టలకు అంటుకుంటాయి. ఒక మగ్గు వేడినీళ్లలో పూర్తిగా కరిగించి పోయండి. మెషీన్ లోడుకు రెండు టేబుల్ స్పూన్లు, 10 లీటర్ల బకెట్ చేతి ఉతుకుకు ఒకటి, ఇది మెత్తని నీళ్లకు. నీళ్లు మధ్యస్థంగా ఉంటే సబ్బు పెంచకండి, దానికి ముందు విడిగా ఒక టీస్పూను వాషింగ్ సోడా నీళ్లలో కలపండి. నీళ్ల మీద పల్చటి నురగ ఉతుకు అయ్యేదాకా నిలిస్తే సబ్బు సరిపోయిందని. నురగ మొత్తం మాయమైతే సబ్బు మడ్డి అయిపోతోందని. డిటర్జెంటు విషయంలో నురగను బట్టి ఏమీ చెప్పలేం గానీ సబ్బుకు మాత్రం నురగే కొలబద్ద. ముందువైపు తలుపున్న మెషీన్ అయితే ఒక టేబుల్ స్పూనుతో మొదలుపెట్టండి, నురగ ఎక్కువైతే అది జాడింపును దెబ్బతీస్తుంది.

ఈ సబ్బులో ఎంజైములు ఉండవు కాబట్టి పాలు, రక్తం, గుడ్డు లాంటి మరకలను ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. తెల్లబట్టలు పసుపెక్కితే సోడియం పెర్‌కార్బొనేట్ (క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ పొడి) వాడొచ్చు, 40 డిగ్రీల పైన నీళ్లలోనే అది బాగా పనిచేస్తుంది, దాన్ని సబ్బు పొడిలో కలిపి నిలవ పెట్టకుండా అప్పటికప్పుడు విడిగా వేసుకోండి.

జాడించడం గురించి ఎంత చెప్పినా తక్కువే. సబ్బుతో నిండిన బట్టను ఒక్కసారిగా మామూలు నీళ్లలో ముంచితే, ఆ నీళ్లు కాస్త కఠినమైనవైనా మడ్డి అప్పుడే, బట్ట లోపలే పుడుతుంది. అందుకని మొదటి జాడింపు నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వాటిలో చిటికెడు వాషింగ్ సోడా వేసి ఉండాలి. సబ్బు సబ్బుగానే బయటికొచ్చేస్తుంది. ఆ తర్వాత రెండుసార్లు మామూలు నీళ్లు, మధ్యలో గట్టిగా పిండుతూ. ఆఖరి నీళ్లలో 10 లీటర్లకు అర టీస్పూను సిట్రిక్ యాసిడ్ వేస్తే మిగిలిన క్షారం పోతుంది, బట్ట మెత్తగా ఆరుతుంది, సాఫ్ట్‌నర్ అవసరమే ఉండదు. వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ మెషీన్ రబ్బరు భాగాలకు రోజూ వాడటం మంచిది కాదు. ఆమ్లం మాత్రం ఆఖరున, సబ్బు పోయాకే. సబ్బు ఉండగానే వేస్తే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలుగా మారి బట్టకు జిడ్డు పడుతుంది. సబ్బులోనే వెనిగర్ కలపమని చెప్పే పద్ధతులన్నీ ఈ కారణంగా దండగ. క్లోరిన్ బ్లీచ్‌తో ఆమ్లం ఎప్పుడూ కలవకూడదు, విషవాయువు పుడుతుంది.

సరిగ్గా జాడించామా అని తెలుసుకోవాలంటే, ఆరిన బట్టల్లోంచి పాప బనియను ఒకటి తీసి గాజు సీసాలో డిస్టిల్డ్ వాటర్ వేడిచేసి పోసి, మూత పెట్టి ఊపండి. నీళ్లు తేటగా, నురగ లేకుండా ఉంటే బాగుంది. బుడగలు నిలిచినా, నీళ్లు తెల్లబడినా ఇంకా సబ్బు ఉంది. మొదట్లో వారానికోసారి ఇలా చూడండి, మీ మెషీన్‌కు ఎన్ని జాడింపులు కావాలో మీకే తెలిసిపోతుంది.

దీంతో ఉతకకూడనివి కొన్ని ఉన్నాయి. ఉన్ని, పట్టు ప్రొటీన్ పోగులు, వాషింగ్ సోడా వాటిని పాడుచేస్తుంది. నూలు డైపర్లకు సబ్బు పొర పడితే పీల్చడం తగ్గుతుంది. మంట అంటుకోకుండా ప్రత్యేకంగా చేసిన పిల్లల రాత్రి దుస్తుల లేబుల్ మీద సబ్బు వాడొద్దని రాసి ఉంటుంది, అది తప్పక పాటించండి, సబ్బు పొర ఆ రక్షణను తగ్గిస్తుంది. దుప్పట్లు, దిండు గలీబులకు వాడొచ్చు, ఎగ్జిమా ఉన్నవాళ్లవి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే ధూళి పురుగులు కూడా చస్తాయి.

కుంకుడుకాయ రసంతో ఉతకొచ్చా అని కూడా తప్పకుండా అనుకుంటారు. ఉతకొచ్చు, క్షారం లేకపోవడం దాని గొప్ప గుణం, ఉన్నికీ పట్టుకీ నేను దాన్నే వాడతాను. కానీ జిడ్డు, చెమట వదిలించే శక్తి తక్కువ, రసం రెండు మూడు రోజులకే పులుస్తుంది, లేతరంగు బట్టలకు ఛాయ పడుతుంది. పాప రోజువారీ బట్టలకు దాని మీదే ఆధారపడమని చెప్పను.

కొత్త సబ్బు మొదలుపెట్టే ముందు పాత బట్టల్లో పేరుకున్నవి పోవాలి, లేకపోతే పాత సాఫ్ట్‌నర్ చేసే దురదకు మీ సబ్బును తప్పుపడతారు. పాప నూలు బట్టలు వేడినీళ్లలో వాషింగ్ సోడా మాత్రమే వేసి ఒకసారి తిప్పి, నురగ రాని దాకా జాడించండి. మెషీన్ సాఫ్ట్‌నర్ అర కూడా కడగండి. తర్వాత ఒక్క జత బట్టలు, అందులోనూ వదులుగా ఉండేవి కొత్త సబ్బుతో ఉతికి రెండు రోజులు వేసి చూడండి, బాగుంటే మిగతావి. సబ్బు మార్చిన వారాల్లో కొత్త క్రీమ్, కొత్త షాంపూ మొదలుపెట్టకండి, డాక్టరు ఇచ్చిన క్రీమ్ ఉంటే అది ఆపకండి. అలర్జీ అయితే కారణం తీసేశాక కూడా తగ్గడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, నాలుగు రోజులకే తేల్చేయకండి.

అయినా తగ్గకపోతే, లేక చర్మం కారుతూ, పసుపు పెచ్చులు కడుతూ ఉంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లండి. అలర్జీ అనుమానం ఉంటే వీపు మీద ప్యాచ్ టెస్ట్ పెడతారు. అనుమానమున్న పదార్థాల పట్టీలు 48 గంటలు ఉంచి చూసి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు, ఎందుకంటే ఈ రకం అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది. సబ్బు పొడిని మీరే పాప చర్మం మీద కట్టి చూడటం లాంటివి చేయకండి, క్షారం ఏ చర్మాన్నైనా ఎర్రబరుస్తుంది, దానివల్ల తెలిసేదేమీ ఉండదు. వెళ్లేటప్పుడు పాత డిటర్జెంటు, సాఫ్ట్‌నర్, పాపకు రాసే క్రీముల లేబుళ్ల ఫోటోలు, మీ సబ్బులో వేసినవాటి జాబితా తీసుకెళ్లండి, ఏ పదార్థాలతో పరీక్ష పెట్టాలో ఎంచుకోవడానికి వాళ్లకు అవే ఆధారం.